గ్రాఫులోంచి తీసేసిన చుక్క

మా పరిశోధనకు రోగులు దొరకడం ఎప్పుడూ కష్టం కాలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు దొరకడమే గగనమైపోయేది.

నేను ఉప్పల్‌లో ఒక ప్రయోగశాలలో పోస్ట్‌డాక్‌గా చేరి ఇది నాలుగో ఏడు. పోస్ట్‌డాక్ అంటే ఏమిటని నాచారంలో మా ఇంటి ఓనరమ్మ నేను దిగిన వారంలోనే అడిగింది. పీహెచ్‌డీ అయిపోయాక, పక్కా ఉద్యోగం దొరికేదాకా చేసే పరిశోధన అని చెప్పాను. "అంటే డాక్టర్‌వి అయినంక గుడ ఇంక సదువుతనే ఉన్నవన్నట్టు" అని జాలిపడింది. ముప్పై మూడేళ్లు వచ్చాక అలాంటి జాలి ఎవరికి నచ్చుతుంది? నాకూ నచ్చలేదు. కానీ ఆమె అన్నది నిజమే.

నేను చదివేది కాలేయానికి పట్టే కొవ్వు గురించి. ఇప్పుడది ఇంటింటి సంగతి. స్కాన్‌కు వెళ్లిన ప్రతి రెండో మనిషీ "ఫ్యాటీ లివర్ అన్నరు, ఏం గాదులే అన్నరు" అంటూ కాగితం మడిచి జేబులో పెట్టుకుంటాడు. చాలామందికి నిజంగానే ఏమీ కాదు. కొందరికి మాత్రం కొవ్వు మీద వాపు వస్తుంది, వాపు మీద మచ్చలు పడతాయి, ఆ తర్వాత కాలేయం గట్టిపడి ముడుచుకుపోతుంది. మొత్తం నాలుగు మెట్లు. ఎవరు మొదటి మెట్టు మీదే ఆగిపోతారో, ఎవరు చప్పుడు లేకుండా కిందికి దిగుతారో ముందే చెప్పగలమా అన్నదే మా పని. మచ్చలు పడేటప్పుడు రక్తంలో ఒక ప్రోటీను పెరుగుతుందని మా సార్ నమ్మకం. దాన్ని రోగుల రక్తంలో కొలవాలి, ఆరోగ్యవంతుల రక్తంలో కొలవాలి, రెండు గుంపులూ వేరువేరుగా ఉన్నాయని చూపించాలి.

ఆ రెండో గుంపు దగ్గరే వచ్చేది చిక్కు. మందు ముట్టకూడదు, షుగర్ ఉండకూడదు, లావుగా ఉండకూడదు. ఈ మూడు షరతులతో మనిషిని వెతకడం కంటే పెళ్లి సంబంధం వెతకడం సులువు. అందుకని మా దగ్గర ఒక అలవాటు స్థిరపడిపోయింది. గేటు లోపలికి వచ్చిన సన్నటి మనిషినల్లా పట్టుకునేవాళ్లం. సెక్యూరిటీ గార్డు, క్యాంటీన్‌లో వడ్డించే అమ్మాయి, విద్యార్థుల అన్నదమ్ములు, ఏసీ బాగుచేయడానికి వచ్చిన మెకానిక్. ఎవరినీ వదల్లేదు.

వాళ్లందరికంటే ముందువాడు మా ల్యాబ్ అటెండరు. గాజుసామాను కడగడం, ఐస్ తేవడం, పరికరాలు ఆవిరిలో పెట్టి శుభ్రం చేయడం ఆయన పని. నలభై ఏడేళ్లుంటాయి. ఉప్పల్ పాత ఊరివాడు. వాళ్ల నాన్న హయాంలో కూరగాయలు పండించిన చేనులో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచాయి. మనిషి చువ్వలా ఉంటాడు, నడిస్తే మేం వెనక పరిగెత్తాలి. ల్యాబ్ మొదలైనప్పుడు ఆరోగ్యవంతుల జాబితాలో మొట్టమొదట రక్తమిచ్చింది ఆయనే. ఆ తర్వాత రక్తం తీసే కొత్త కిట్ వస్తే ముందు ఆయన మీదే పరీక్షించేవాళ్లం. కొత్త విద్యార్థి సూది గుచ్చడం నేర్చుకోవాలంటే ఆయన చెయ్యే. "నేను నార్మల్ గద మేడం, తీస్కోండ్రి" అని చొక్కా చెయ్యి పైకి మడిచేవాడు. అలా అందరికీ నార్మల్ అన్న అయిపోయాడు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆయనే ఒక్క క్షణం తడబడేవాడు.

ఆ పేరంటే ఆయనకు చాలా గర్వం. ఎందుకో ఒకసారి ఆయనే చెప్పాడు. వాళ్లు నలుగురు అన్నదమ్ములు, మేనబావలు, బావమరుదులు. ఇంట్లో పుట్టువెంట్రుకలైనా, బోనాలైనా, ఎవరిదైనా కొత్త బండి వచ్చినా దావత్ తప్పదు. అందరూ తాగుతారు. ఈయనకు ఆ వాసనే పడదు.

"మొదట్ల మస్తు ఎక్కిరించిన్రు మేడం. ఆడపోరి లెక్క కూసున్నవేందిరా అన్నరు. ఇగ మా పెద్దన్న ఒకనాడు, వీనికి గుడ మర్యాద ఉండాలె గదరా అని, రెండు లీటర్ల కూల్ డ్రింక్ బాటిల్ తెచ్చి నా ముంగట పెట్టిండు. గప్పటిసంది ఏ దావత్‌కు పోయినా నా బాటిల్ నాకుంటది. ఎవ్వరు ముట్టరు. వాళ్ల సీసా వాళ్లు ఖాళీ చేస్తరు, నాది నేను ఖాళీ చేస్త. అందర్ని ఇండ్లకాడ దింపేది గుడ నేనే."

"శభాష్ అన్నా" అన్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చక్కెర కాలేయంలో కొవ్వుగా ఎలా మారుతుందో చదివే దాన్ని, నా నోటితో నేను అన్నమాట అది. తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

రక్తం ఎవరిదో కొలిచేవాళ్లకు తెలియకూడదన్నది మా పద్ధతి. తెలిస్తే మనసు ఒకవైపు మొగ్గుతుంది. అందుకే ప్రతి గొట్టం మీదా ఒక గుర్తు అంకె ఉంటుంది, ఆ అంకె ఎవరిదో రాసిన కాగితం సార్ బీరువాలో ఉంటుంది. ఇది ఆరోగ్యవంతులదా, రోగులదా అన్నంత వరకే నాకు చెబుతారు. నేను కొలిచి, గ్రాఫులో చుక్కలు పెడతాను.

మొదటి ఏడాది గ్రాఫు చూడముచ్చటగా వచ్చింది. రోగుల చుక్కలు పైన, ఆరోగ్యవంతుల చుక్కలు కింద. ఒక్కటి తప్ప. ఆరోగ్యవంతుల చుక్క ఒకటి పోయి రోగుల మధ్యలో కూర్చుంది. నాకు చిరాకెత్తింది. ఆ ఎండాకాలంలో కరెంటు పోయి ఫ్రీజర్ రెండుసార్లు ఆగింది. ఆ గొట్టం కరిగి పాడై ఉంటుందనుకున్నాను. "నమూనా పాడై ఉండవచ్చు" అని నోటుబుక్కులో రాసి, ఆ చుక్క తీసేశాను. మా రంగంలో అదేమీ తప్పు పని కాదు. కారణం రాసి తీసేయవచ్చు.

రెండో ఏడాది అందరి దగ్గరా మళ్లీ రక్తం తీశాం. అదే అంకె, అదే చోట. ఈసారి ఫ్రీజర్ ఆగలేదు. నిజానికి రెండుసార్లు ఒకే చోట పడిన చుక్కను చూస్తే ఎవరికైనా భయం వేయాలి. నాకు వేసింది చిరాకే. "పోయినసారి లాగే" అని రెండు మాటలు రాసి మళ్లీ తీసేశాను. గ్రాఫు శుభ్రపడింది. ఒక ఫలితం తీసేశామని అడుగున గమనిక పెట్టి, వ్యాసం పరిశోధన పత్రికకు పంపాం.

అక్కణ్నుంచి వచ్చిన జవాబులో, వ్యాసాన్ని పరిశీలించిన నిపుణుడు ఒకే ఒక ప్రశ్న గట్టిగా అడిగాడు. ఒక ఆరోగ్యవంతుడి ఫలితం రెండు ఏళ్లూ ఎందుకు తీసేశారు? నాకు ఒళ్లు మండిపోయింది. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. కోడిగుడ్డు మీద ఈకలు పీకే మనిషి దొరికాడని సగం రోజు ల్యాబ్‌లో చిందులు తొక్కాను. మా సార్ అంతా విని, "పాత గొట్టాలు ఉన్నాయి కదమ్మా, తీసి మళ్లీ కొలువు" అన్నారు. రెండేళ్ల గొట్టాలూ తీసి మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ అదే ఫలితం. అప్పుడు సార్ బీరువా తాళం తీసి కాగితం నా ముందు పెట్టారు.

జాబితాలో మొదటి వరుస. నార్మల్ అన్న.

అద్దం తలుపు అవతల ఆయన సింకు దగ్గర నిలబడి బీకర్లు కడుగుతున్నాడు. రెండేళ్లుగా నాకు పది అడుగుల దూరంలో తిరిగిన మనిషి. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ముందు స్కాన్ చేయిద్దాం. రక్తపరీక్ష ఒక్కటి పట్టుకుని భయపెట్టొద్దు" అన్నారు సార్. తర్వాత ఇంకోమాట కూడా అన్నారు. "తీసేయడం నువ్వొక్కదానివే చేయలేదు. నేనూ చూసి సంతకం పెట్టాను." ఆ మాట ఆయన మంచితనం. నాకేమీ బరువు దిగలేదు.

మర్నాడు పొద్దున ఆయన్ను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఆయన హుషారుగా ఉన్నాడు. "కొత్త మిషన్ వచ్చిందా మేడం? నార్మల్ కావాల్నా వాళ్లకు?" అని అడిగాడు. "ఊఁ" అన్నాను. తార్నాక దాటేదాకా ఆయన సైనిక్‌పురిలో వాళ్ల చిన్నక్క కొత్తగా కొన్న ఫ్లాట్ గురించి చెబుతూనే ఉన్నాడు. నేను రోడ్డు చూస్తూ కూర్చున్నాను.

కాలేయం ఎంత గట్టిపడిందో చూసే మిషన్ అది. పక్కటెముకల మధ్య ఆనించి టిక్కు టిక్కుమని తడుతుంది, అంతే, నొప్పి ఉండదు. డాక్టరు పది పన్నెండుసార్లు తట్టి, తెర చూసి, నన్ను చూశాడు. తర్వాత ఆయన్ను అడిగాడు.

"ఎంత తాగుతవ్?"

"తాగ సార్."

"పండుగలకు, పబ్బాలకు?"

"ముట్టనే ముట్ట సార్."

"అందరు గట్లనే చెప్తరు" అన్నాడు డాక్టరు, కాగితం మీద రాసుకుంటూ. కోపంగా అన్నమాట కాదు. రోజూ వందసార్లు అనే మాట. కానీ నార్మల్ అన్న మొహం చూశాను. ఇరవై ఏళ్లు దాచుకున్న వస్తువేదో చేతిలోంచి లాగేసుకున్నట్టు అయిపోయాడు.

"ఆయన తాగడు సార్. నాకు తెలుసు" అన్నాను. గొంతు నేను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. డాక్టరు తలెత్తాడు. అప్పుడు దావత్‌ల సంగతి, రెండు లీటర్ల బాటిల్ సంగతి చెప్పాను. డాక్టరు పెన్ను కింద పెట్టాడు. సన్నగా ఉన్నవాళ్లకూ ఈ జబ్బు వస్తుందనీ, మన దగ్గర అలాంటివాళ్లను తరచుగా చూస్తామనీ మెల్లగా వివరించాడు. మూడో మెట్టు అన్నాడు. మచ్చలు బాగా పడ్డాయి, ఇంకా ముడుచుకోలేదు, ఇప్పట్నుంచి జాగ్రత్తపడితే వెనక్కి రావచ్చు, రాకపోనూ వచ్చు. ఆరు నెలలకు మళ్లీ చూద్దామన్నాడు.

బయట బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం.

"మేడం, నేను తాగలే."

"నాకెరుకే అన్నా."

"లివర్ ఖరాబైందంటే ఊళ్లె ఏమనుకుంటరు మేడం? సాటుకు తాగిండు అంటరు. ఇన్నేండ్లు మమ్ములను ఎర్రోళ్లను చేసిండు అంటరు మా అన్నదమ్ములు. ఇంట్ల దానికి ఏమని చెప్పాలె? మీరొచ్చి చెప్పుండ్రి. సదువుకున్నోళ్లు చెప్తే నమ్ముతది."

"వస్తనన్నా, ఆదివారం వస్త" అన్నాను. అంతటితో అయిపోతే బాగుండేది. ఆయన రిపోర్టు కాగితాన్ని తిప్పి తిప్పి చూస్తూ మళ్లీ అడిగాడు.

"గన్నిసార్లు నెత్తురు తీసిన్రు గద మేడం. గండ్ల తెల్వలేదా?"

"స్కాన్ చేస్తెనే తెలుస్తదన్నా" అన్నాను.

పచ్చి అబద్ధం. నా జీవితంలో చాలా అబద్ధాలు ఆడాను, సెలవుల కోసం, పెళ్లిచూపులు తప్పించుకోవడం కోసం. ఇలాంటిది ఎన్నడూ ఆడలేదు. ఆయన నమ్మాడు. వెంటనే నమ్మాడు, తల ఊపాడు. అదే నన్ను ఆ వారమంతా తిననివ్వలేదు. ఆ మనిషి రెండేళ్ల కిందట రెండో మెట్టు మీదే ఉండి ఉండవచ్చు. అప్పుడే చెప్పి ఉంటే, మూడోది దిగేవాడే కాదేమో. దానికి ఇప్పుడు ఏ పరీక్షా జవాబు చెప్పదు. నేను చెప్పాల్సినవి రెండు మాటలు ఉన్నాయి. ఆయన తాగలేదన్నది ఒకటి, నేను చూసి తీసేశానన్నది రెండోది. మొదటిది చెప్పడానికి నాకు చాలా తొందరగా ఉంది.

ఆదివారం నాచారం నుంచి షేర్ ఆటోలో ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర దిగి, ఆయన చెప్పిన గుర్తుల ప్రకారం పాత ఊళ్లోకి నడిచాను. సందుల మధ్య రెండు గదుల డాబా ఇల్లు. ఆయన భార్య ముందు గదిలో మిషన్ మీద జాకెట్లు కుడుతోంది. నేను వదినా అని పిలిచాను. ఆమె కుర్చీ తుడిచి వేసి, మంచినీళ్లు ఇచ్చి, మిషన్ దగ్గరే స్టూలు మీద కూర్చుంది. ఆయన గడపకు ఆనుకుని నిలబడ్డాడు.

నేను వారం రోజులుగా లోపల అల్లుకున్నదంతా చెప్పుకొచ్చాను. కాలేయం అంటే ఏమిటి, కొవ్వు ఎందుకు పడుతుంది, తాగనివాళ్లకు కూడా ఎలా వస్తుంది. ఆమె దారం కొస కత్తిరిస్తూ వింది. అంతా అయ్యాక అడిగింది.

"ఆయన తాగలేదని చెప్పనీకె గింత దూరమొచ్చినవా మేడం? అది నాకెరుకే. ఇరవైరెండేండ్ల సంది పక్కన పండుకుంటున్న. నాకంటె ఎక్కువ ఎవ్వలికి ఎరుక?"

గడప దగ్గర ఆయన తల దించుకున్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో కనబడలేదు. వారం రోజులు భయపడిన భయమంతా ఆమె ఒక్క మాటతో తీసేసింది. నాకూ గుండె కుదుటపడింది. ఇక లేచి వెళ్లిపోదామా అనిపించింది కూడా. సిగ్గులేకుండా అనిపించింది.

"గా కూల్ డ్రింకులేనా?" అని ఆమె అడిగింది.

"అవి, అన్నం, మైదా, అన్నీ కలిసి వదినా. ఒక్కదాని మీద పెట్టలేం. కానీ అవైతే బంద్ చేయాలె."

"ఇనవడ్తుందా? మర్యాద చేసిన్రట మర్యాద! మీ అన్నలకు చెప్త నేను" అని ఆయన వైపు ఒక చూపు చూసి, మళ్లీ నా వైపు తిరిగింది. "గిది ఎప్పటిసంది ఉన్నదంటవు?"

ఆ ప్రశ్న అడుగుతుందని నాకు తెలుసు.

"రెండేండ్ల కిందనే నెత్తురుల తేడా వచ్చింది వదినా" అన్నాను. "ఎవరిదో అప్పుడు నాకు తెల్వదు. పేర్లు ఉండవు, నెంబర్లే ఉంటయి. కానీ మంచిగున్నోళ్లల్ల ఒకరిది మంచిగ లేదని తెలుసు. తప్పు లెక్క వచ్చిందనుకొని తీసేసిన. పోయినేడు మళ్ల గట్లనే వచ్చింది. మళ్ల తీసేసిన. అన్న నన్ను అడిగిండు, ముందే తెల్వలేదా అని. తెల్వదని అబద్ధమాడిన."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. "తీసేసుడేంది?" అంది. కాగితం మీద చుక్కలు పెడతామనీ, ఒక్కో మనిషికీ ఒక్కో చుక్క అనీ, ఆ ఒక్కటీ మిగతావాటితో కలవక తుడిచేశాననీ చెప్పాను. చెబుతుంటే ఎంత చిన్న పనిగా వినిపించిందో, ఎంత పెద్ద తప్పుగా వినిపించిందో.

ఆమె చేతిలో కత్తెర కింద పెట్టింది.

"పోయినేడు సంది అలసట అలసట అంటున్నడు. మెట్లెక్కితే ఆయాసం అన్నడు. దవాఖానకు పోదామా అని నేనంటె, ఎందుకే, ల్యాబ్ల నా నెత్తురు సూస్తనే ఉన్నరు, ఏమన్న ఉంటే మేడం చెప్పదా అన్నడు. నిజమే గద అని నేను గుడ ఊకున్న. గల్లీల డాక్టర్‌కు గుడ సూపియ్యలే. పెద్ద సదువులోళ్లు సూస్తున్నరు గద అని ధీమ." ఆమె గొంతు లేచింది. "నువ్వు సూస్తున్నవనే మేము సూపియ్యలే!"

నాకు ఏడుపు వచ్చింది. ఏడిస్తే ఆమె లేచి నన్ను ఓదార్చాల్సి వస్తుంది, అది ఇంకా అన్యాయం అని పళ్ల బిగువున ఆపుకున్నాను. "తప్పు నాదే వదినా" అన్నాను. ఆమె మిషన్ మీది జాకెట్ తీసి మడతపెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడతపెట్టింది.

ఆయన రింగ్ రోడ్డు దాకా నాతో నడిచాడు. ఆటో ఆపి, "నాచారం" అని డ్రైవరుకు చెప్పి, నేను ఎక్కేదాకా నిలబడి వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నెలలు ఎలా గడిచాయో చెప్పాలి. వ్యాసంలో ఆ చుక్కను మళ్లీ పెట్టాం. మా వాదన కొంచెం బలహీనపడింది, కొంచెం నిజమైంది. ఆరోగ్యవంతుల జాబితాలో ఎవరి ఫలితం తేడాగా వచ్చినా కాగితం తెరిచి ఆ మనిషికి చెప్పి తీరాలని సార్ కొత్త నియమం పెట్టించారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాం. సరే, కనీసం ఆకులైనా పట్టుకున్నాం.

నార్మల్ అన్న మామూలుగానే పనికి వచ్చేవాడు. ఆ పేరు పెట్టి పిలవడం మాత్రం అందరం మానేశాం, ఎవరూ చెప్పకుండానే. నాతో ఆయన అవసరమైనంత వరకే మాట్లాడేవాడు. "ఐస్ పెట్టిన మేడం." "గ్లవ్స్ అయిపోయినయి మేడం." అంతే. కోపం చూపిస్తే నాకు తేలికగా ఉండేది. ఆయనకు కోపం చూపించడం రాదు.

ఇంటి సంగతులు మా క్యాంటీన్ అమ్మాయి ద్వారా తెలిసేవి. ఆమెది కూడా ఉప్పలే. వదిన చెప్పినట్టే మిగతా ముగ్గురు అన్నదమ్ములనూ వరుసగా నిలబెట్టి దులిపేసిందట. భయపడి వాళ్లలో ఇద్దరు స్కాన్ చేయించుకున్నారట. ప్రతి వారం తాగే ఆ ఇద్దరికీ కాలేయం శుభ్రంగా ఉందట! అది విని నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఇన్నేళ్లు చదివి నేను నేర్చుకున్నదేమిటంటే, న్యాయం అనే మాట కాలేయానికి తెలియదు. ఈయన మాత్రం అన్నం సగం చేశాడు, పొద్దున ఇంటి నుంచి ల్యాబ్ దాకా నడిచి రావడం మొదలుపెట్టాడు. దావత్‌కు వెళ్తే మంచినీళ్ల సీసా పట్టుకుని కూర్చుంటున్నాడట.

ఆరు నెలలకు మళ్లీ స్కాన్‌కు వెళ్లాం. ఈసారి ఆయన భార్య కూడా వచ్చింది. ఆటోలో మా ఇద్దరి మధ్యా కూర్చుని, లాలాపేట్ ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్‌ను తిడుతూ ఉంది. నాతో మాట్లాడిందంటే మాట్లాడింది, లేదంటే లేదు. డాక్టరు పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి చూశాడు. అంకె తగ్గింది. ఎక్కువ కాదు. కానీ తగ్గింది, పెరగలేదు. "తొవ్వ మంచిదే, ఇట్లనే పోండ్రి" అన్నాడు. ఆమె కొంగుతో మొహమంతా గట్టిగా తుడుచుకుంది. ఆయన నా వైపు చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం ల్యాబ్‌లో ఆయన్ను నా బల్ల దగ్గర కూర్చోమన్నాను. నియమం ప్రకారం ఒక కాగితం మీద ఆయన సంతకం కావాలి. తన రక్తం, తన అంకెలు మా పరిశోధనలో ఉంచవచ్చో, వద్దో ఆయనే చెప్పాలి. ఈసారి రోగుల జాబితాలో.

"ఒద్దంటే అంతా తీసేస్తమన్నా. పాతవి గుడ. మీరు ఎందుకని చెప్పక్కర్లేదు. ఎవ్వరు అడగరు" అన్నాను.

ఆయన కాగితం పూర్తిగా చదివాడు. ఇంతకుముందు చదవకుండా పెట్టేవాడు. ఉంచవచ్చు అన్న గడిలో టిక్కు పెట్టి, నిదానంగా సంతకం చేశాడు.

"ఉండనీయుండ్రి" అన్నాడు. "నాలెక్క ఇంకెవ్వడన్న ఉంటే, వానికన్న ముందుగాల తెలుస్తది."

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. థాంక్స్ అన్నా అనబోయాను. ఆ మాట ఎంత చిన్నదో తెలిసి ఆగిపోయాను. ఆయన లేచాడు, తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. ఆరు నెలల్లో మొదటిసారి నా మొహంలోకి సూటిగా చూశాడు.

"మేడం, ఒక్కటి అడుగుత. గా సుక్క తీసేసినప్పుడు మీకు ఏమనిపించింది?"

నా దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. అనుమానం వచ్చిందని, ఫ్రీజర్ అని, నియమం అని, ఎవరిదో తెలియదని. అన్నీ సగం సగం నిజాలే. ఇంకోసారి ఆ మనిషికి అబద్ధం చెప్పే ధైర్యం నాకు లేదు.

"ఏమనిపించలేదన్నా" అన్నాను. "గ్రాఫు మంచిగ కనిపించింది. కంప్యూటర్ బంద్ చేసి, నాలుగింటి చాయ్ తాగిన."

ఆయన లెక్క సరిచూసుకుంటున్నట్టు మెల్లగా తల ఊపాడు.

"నాలుగింటి చాయ్ అంటే, నేనే తెచ్చిచ్చి ఉంట" అన్నాడు.

"అవునన్నా" అన్నాను. "మీరే తెచ్చిచ్చిన్రు."